క్లాడెట్‌కు జబ్బు చేసిందట!

తలుపు తీసేసరికి ఎదురుగా పెల్టియర్ వాళ్ళావిడ ఆల్డియా! చేతిలో వేడివేడి గాజు గిన్నె, కళ్ళ నిండా నీళ్ళు...

"అయ్యో అయ్యో! నువ్వెందుకు లేచావే తల్లీ! నీ మొగుడేడి? అతన్ని తలుపు తియ్యమనకూడదూ!"

క్లాడెట్ బిత్తరపోయింది. సామాన్ల పెట్టెలకు అంటిస్తున్న టేపు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. "నాకేమైందండీ? నిక్షేపంలా ఉన్నాను కదా!"

"నా దగ్గర దాచకమ్మా... మీ నాన్నే చెప్పాడు. పొయ్యిలో పొగ వెనక్కి తన్నుతోందని కంపెనీకి ఫోన్ చేసి నిన్ను పిలవమన్నాను. క్లాడెట్‌కి ఒంట్లో బాలేదు, ఎప్పుడొస్తుందో చెప్పలేం అన్నాడు. ఆ గొంతు వింటేనే తెలిసిపోయింది, మామూలు జబ్బు కాదని! ఇదిగో, బంగాళాదుంపలూ హ్యామ్ మాంసమూ వేసి కాల్చాను. రెండు ముద్దలు తిను..."

గిన్నె చేతిలో పెట్టి, ముద్దు పెట్టుకుని, ముక్కు తుడుచుకుంటూ ఆవిడ వెళ్ళిపోయింది.

ఇరవై ఏళ్ళు! ఇళ్ళు వెచ్చబెట్టే కట్టెపొయ్యిలు అమ్మే ఆర్మాండ్ డేగల్ గారి కంపెనీలో ఫోన్ మోగితే ఎత్తింది ఆయన కూతురు క్లాడెట్. చలి మొదలైతే చాలు, ఆ చుట్టుపక్కల బంగాళాదుంపల పొలాల వాళ్ళందరికీ ఆమె గొంతు కావాలి. పొయ్యి గురించి అడగడానికి చేసినవాళ్ళు ఆవు ఈనిన సంగతీ, కోడలు అలిగిన సంగతీ కూడా చెప్పుకుని గానీ ఫోన్ పెట్టేవారు కాదు. పోయిన ఈస్టర్ నాడు, అందరూ భోజనాల దగ్గర కూర్చుని ఉండగా, ఆ తండ్రి కంపెనీ తాళాలు తీసి కొడుకు నోర్మండ్ చేతిలో పెట్టాడు. "మరి నేనో నాన్నా?" అని ఆమె నవ్వుతూనే అడిగింది. "నీదేముందే! ఫోనెత్తి హలో అనడమేగా!" అన్నాడాయన, హ్యామ్ కోసుకుంటూ. తల్లి బతికి ఉంటే ఆ ముక్క ఆయన గొంతు దిగేదా? క్లాడెట్ ఆ రోజు లేచి గిన్నెలు కడిగింది. ఎవరూ ఆమె మొహంలోకి చూడలేదు.

తర్వాత భర్త వెండెల్ పనిచేసే కలప మిల్లు మూతపడింది. దేశానికి అటువైపున్న ఐడహోలో అతనికి పని దొరికింది. కంపెనీలో కాస్త వాటా ఉన్నా ఇక్కడే ఏదో ఒకటి చేసుకుని ఉండిపోయేవారు! ఆమె ఉద్యోగం మానేస్తానని చెబితే తండ్రి సరేనన్నాడు, అంతే. లారీ డ్రైవర్ మానేస్తేనే కేకు కోయించిన మనిషి, కన్నకూతురికి ఒక కప్పు కాఫీ కూడా పోయలేదు.

ఆ వారమంతా తలుపు చప్పుడవుతూనే ఉంది. ఒకరు చికెన్ సూపు, ఒకరు బీన్స్, ఒకరు యాపిల్ కేకు... ఫ్రిజ్ తలుపు మూసుకోవడం మానేసింది. "జబ్బేదో గానీ బాగానే ఉందే! నాకు వంట తప్పింది," అని వెండెల్ మొదట్లో నవ్వాడు. భార్య ఏడుపు చూశాక నవ్వలేదు. ఎవరికని చెబుతుంది ఆమె? వచ్చినవాళ్ళు మాట్లాడనిస్తేనా! నిజం చెప్పబోతే, పాపం ధైర్యంగా ఉన్నట్టు నటిస్తోందని ఇంకా ఏడ్చారు.

ఆదివారం ఆమె ఆలస్యంగా చర్చికి వెళ్ళి వెనక నిలబడింది. ఫాదర్ గారు రోగుల కోసం ప్రార్థన మొదలుపెట్టి, "మన క్లాడెట్ కోసం..." అన్నారు. చర్చంతా మోకాళ్ళ మీద వంగింది. ముందు వరసలో ఆర్మాండ్ డేగల్ కూడా తలవంచాడు! కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, దేవుడి ఎదుట... అంతే! ఇన్నేళ్ళు కడుపులో దాచుకున్నది క్లాడెట్‌కు ఒక్కసారిగా తలకెక్కింది. నన్ను బతికుండగానే పాడె ఎక్కిస్తారా? ఉండండి మీ పని చెబుతాను, అనుకుంది.

మధ్యాహ్నానికల్లా గిన్నెలన్నీ తళతళలాడేలా కడిగి వ్యానులోకి ఎక్కించింది. ప్రతి గిన్నె అడుగునా టేపు మీద ఇంటావిడ పేరుంది. ఆ ఊళ్ళో తిన్నవాళ్ళు గిన్నెను స్వయంగా ఇంటికి పట్టుకెళ్ళి ఇచ్చి, గుమ్మంలో నిలబడి రెండు మాటలు చెప్పి రావాలి.

ఆమె పుట్టింటికి వెళ్ళేసరికి తండ్రి వంటింట్లో నోర్మండ్‌తో కాఫీ తాగుతున్నాడు.

"కోటు వేసుకో నాన్నా. గిన్నెలు తిరిగిచ్చేసి వద్దాం."

ఆయన మొహం పాలిపోయింది. "అది కాదే అమ్మడూ... అందరూ నిన్నే అడుగుతారు! నువ్వు వెళ్ళిపోతున్నావంటే ఇక మన మొహం చూస్తారా? జబ్బంటే కొన్నాళ్ళు ఓపిక పడతారని..."

"ఆ తర్వాత? చంపేద్దామనుకున్నావా?"

"నేనిచ్చేసి వస్తాలే అక్కా," అని నోర్మండ్ లేచాడు.

"నువ్వు కూర్చోరా! అబద్ధం చెప్పిన నోరే వెళ్ళాలి. రాకపోతే చెప్పు నాన్నా, నేనే ఇల్లిల్లూ తిరిగి, వాళ్ళు పూర్తిగా వినేదాకా కదలకుండా చెబుతాను. నా మాట వాళ్ళెంత నమ్ముతారో నీకు బాగా తెలుసు."

తెలుసు. అందుకే కోటు వేసుకున్నాడు.

మొదటి ఇంటి గుమ్మంలో ఆయన గిన్నె చేతికిస్తూ, "దేవుడి దయ వల్ల తగ్గిందండీ..." అన్నాడు. వ్యాను అద్దం దించుకుని వింటున్న క్లాడెట్ హారన్ మీద అరచెయ్యి వేసి నొక్కిపట్టింది! వీధి కుక్కలన్నీ మొరిగాయి. ముసలాయన ఉలిక్కిపడి, మళ్ళీ మొదలుపెట్టాడు. "జబ్బూ లేదు, ఏమీ లేదు. వెళ్ళిపోతోంది. నేనే అబద్ధమాడాను." ఆ ఇంటావిడ నోరు తెరుచుకుని ఉండిపోయింది. క్లాడెట్‌కు గుండెల్లో ఎంత హాయిగా ఉందో! అవును, హాయిగానే ఉంది. సిగ్గేమీ పడలేదు. "తర్వాతిది పద నాన్నా," అంది.

ఇల్లు దాటి ఇల్లు. మెట్లు ఎక్కుతూ దిగుతూ ఆయనకు ఆయాసం వచ్చింది. ఒకచోట గాజు గిన్నె జారబోయింది. ఆమె దిగలేదు. సాయం పట్టలేదు.

చివరిది ఆల్డియా గారిల్లు. సంగతంతా విని ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"వెళ్ళిపోవడమేమిటి ఆర్మాండ్? ఆ కంపెనీ దానిది కాదూ?"

"మా వాడికిచ్చాను..."

"మరి దానికో?"

ఆయన వెనక్కి తిరిగి వ్యాను వైపు చూశాడు. క్లాడెట్ హారన్ మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. ఈ ప్రశ్న ఈస్టర్ నాడు తనూ అడిగింది.

"ఏమీ ఇవ్వలేదు," అన్నాడు చివరికి. "ఇరవై ఏళ్ళు నా కంపెనీని తన గొంతు మీద నిలబెట్టింది, ఆల్డియా! నాకు తెలుసు. తెలిసే ఇవ్వలేదు. కూతురే కదా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను..." ముసలాయన పరాయి గుమ్మంలో నిలబడి, కోటు చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు!

ఆల్డియా ఓదార్చలేదు. గిన్నె తీసుకుని తలుపు వేసేసింది.

క్లాడెట్ చెయ్యి హారన్ మీది నుంచి తీసింది. కంటికి నీళ్ళు అడ్డం పడ్డాయి. అయినా దిగలేదు. ఆయనంతట ఆయనే వచ్చి, తలుపు తీసుకుని, పక్కన కూర్చున్నాడు.

"ఇంకా ఉన్నాయా?"

"అయిపోయాయి."

"నన్ను క్షమించవే తల్లీ..."

"ఇంకా లేదు నాన్నా. కాస్త టైం పడుతుంది."

ఆయన తన ఖాళీ చేతుల్ని చూసుకున్నాడు. "రేపు ఫోన్ మోగుతుంది. క్లాడెట్ ఏదీ అంటారు. ఏం చెప్పమంటావు?"

"ఇప్పుడు చెప్పావు చూడు, అదే చెప్పు."

"అడిగిన ప్రతివాళ్ళకీనా?"

"ప్రతివాళ్ళకీ. వాళ్ళు అడిగినన్నాళ్ళూ."

ముసలాయన తలూపాడు. ఆమె కళ్ళు తుడుచుకుని వ్యాను ఇంటివైపు తిప్పింది.