డాక్టర్ షెన్‌పై నిఘా

"వైరస్ సీసా ఈ వారంలోనే దేశం దాటబోతోంది పైక్. ఆపాల్సింది నువ్వే," అన్నాడు బాస్ విట్లాక్, చెక్క సుత్తితో పీత పెంకు పగలగొడుతూ.

బాల్టిమోర్ రేవు పక్క హోటల్లో మధ్యాహ్నపు రద్దీ. సీక్రెట్ ఏజెంట్ హార్లన్ పైక్ తన ప్లేటు ముట్టుకోలేదు.

"ఏ ల్యాబ్ సార్?"

"ప్రభుత్వ సొమ్ముతో పసిపిల్లల జ్వరానికి వ్యాక్సిన్ చేస్తున్న ల్యాబ్. ఆ వైరస్‌ను కాస్త మారిస్తే ఆయుధమే. ఒక విదేశీ ముఠా దానికోసం కాచుకుని ఉంది. ఆ ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్ డెల్ఫీన్ ఉందిగా, ఇంటిదొంగ పేరు కూడా చెప్పింది. ఆ వ్యాక్సిన్ పనికి పెద్ద, డాక్టర్ షెన్ రూయింగ్."

"చైనాలో పుట్టిందా?"

"పుట్టింది. ఇంకేం కావాలి?"

ఇంకా చాలా కావాలి. పైక్ అడగలేదు.

ఫ్రీజర్ మెకానిక్ వేషంలో, రస్ అన్న పేరుతో ల్యాబ్‌లో దూరాడు. అతని కళ్లజోడు మామూలుది కాదు. గడ్డకట్టిన వస్తువును ఎక్కడ దాచినా నీలంగా పట్టి చూపిస్తుంది. ఆ అద్దాల్లోంచి షెన్ బ్యాగు చూశాడు, కోటు చూశాడు, కారు చూశాడు. ఏమీ లేదు. మహా గడుసుది అనుకున్నాడు.

షెన్ యాభై దాటిన మనిషి. "ఏం రస్, పొద్దుటి నుంచి ఆ ఫ్రీజర్‌ను వదలవు! బాగు చేస్తావా, పెళ్లి చేసుకుంటావా?" అని ఆటపట్టించి, తన డబ్బాలోని ఆవిరి కుడుముల్లో సగం అతని ముందుకు తోసేది. అతను తిన్నాడు. తింటూనే ఆమె టేబుల్ కింద మైక్ అంటించాడు. ఆ మైక్‌లో ఆమె చెల్లెలితో అంటున్న మాట విన్నాడు: "కొత్తగా ఒకడు చేరాడే. పాపం, ఎవరూ లేనట్టున్నారు."

శుక్రవారం సెనేటర్లు ల్యాబ్ చూడడానికి వచ్చారు. విలేకరి వేషంలో, ఎర్ర గౌనులో డెల్ఫీన్ కూడా వచ్చింది. కాసేపటికి పైక్ చెవిలోని ఇయర్‌పీస్‌లో ఆమె గొంతు పలికింది. "మంచు కురుస్తోంది."

అది కోడ్. సీసా షెన్ చేతికి చేరిందని అర్థం.

పైక్ అందరి ముందూ షెన్ చేతులకు బేడీలు వేశాడు. ఆమె వేళాకోళమనుకుని నవ్వబోయింది. "రస్? ఏమిటిది?" ఆమెతో ఏళ్లుగా పనిచేసినవాళ్లు చూపులు తిప్పుకున్నారు. ఫ్రీజర్ గది గార్డులూ కాపలా వదిలి పరుగున వచ్చి ఆమెను చుట్టుముట్టారు. జేబులన్నీ వెతికారు. ఏమీ దొరకలేదు.

"అందరూ నన్నే చూస్తున్నారు," అంది షెన్ మెల్లగా. "మరి ఫ్రీజర్ గదిని ఎవరు చూస్తున్నారు?"

పైక్ గిరుక్కున తిరిగాడు. ఆ అద్దాలను మరొకరి మీదికి తిప్పడం అదే మొదటిసారి. గుమ్మం దాటుతున్న డెల్ఫీన్ హ్యాండ్‌బ్యాగులో చిక్కటి నీలం!

పరుగెత్తాడు. ఆమె కారు కదులుతుండగా కిటికీలోంచి చెయ్యి దూర్చి తాళం లాగేశాడు.

"బ్యాగు ఇటివ్వు."

డెల్ఫీన్ తాపీగా అందించింది. "మీ బాస్ ఒక పేరు అడిగాడు. మీరు సులువుగా నమ్మే పేరు ఇచ్చాను. ఒక్క రుజువైనా అడిగారా పైక్?"

ఆమెను గార్డులకు అప్పగించి, పైక్ ల్యాబ్‌లోకి తిరిగొచ్చాడు.

షెన్ బేడీలు విప్పాడు. "క్షమించండి డాక్టర్ గారూ."

"నీ అసలు పేరేమిటి?"

"హార్లన్."

"ఆ పేరుగలవాడు నాకు తెలీదు," అని ఆమె వెళ్లిపోయింది. నెల తిరక్కుండానే ఉద్యోగం మానేసి సింగపూర్ చేరింది.

విట్లాక్ ఫోన్ చేశాడు. "శభాష్ పైక్! మెడల్ వస్తోంది. సీసా భద్రమేగా?"

"భద్రమే సార్. దాంతో ఏం చేయాలో తెలిసిన మనిషినే సాగనంపాం."