నల్లాకు కట్టిన గుడ్డ

బెన్నీని చంపినవాళ్ళు ఒక్క తప్పు చేశారు. సీసాలు పగలగొట్టలేదు.

పొద్దున ఆరింటికి తార్నాక దాటి యూనివర్సిటీ రోడ్డు మలుపులో లారీ గుద్దింది. బైకు అప్పడమైంది. బెన్నీ అక్కడికక్కడే పోయాడు. అతని సంచిలో మూడు గాజు సీసాలు మాత్రం చెక్కుచెదరలేదు. గోల్నాక బోరు నీళ్ళ శాంపిల్స్ అవి. ల్యాబు రిపోర్టు ఎనిమిదింటికల్లా వచ్చింది. నీళ్ళు శుభ్రం!

"లారీ కింద మనిషి నలిగి, గాజు పగలకపోవుడేంది?" అన్నాడు నరహరి. "మార్చిండ్రు. మనోడు సచ్చినంక సంచిల వెట్టిండ్రు."

తార్నాకలో పైకది జిరాక్స్ షాపు. వెనక గదిలో పర్యావరణ నేరాల నిఘా విభాగం. నరహరి దాని చీఫ్. ఎదుట కూర్చున్నది ఏజెంట్ ఇమ్మానుయేల్. బెన్నీ కూడా ఆ విభాగం ఏజెంటే. బెన్నీకి పని నేర్పింది అతనే. ఆదివారం ఇద్దరిదీ ఒకే చర్చి, ఒకే బెంచీ.

"టెరావెల్లా కంపెనీ," అన్నాడు నరహరి. "వాళ్ళ దేశంల బ్యాటరీ బూడిద పారబోస్తే జైలు. గందుకే మూసీ పక్కన రీసైక్లింగ్ యార్డ్ అని బోర్డు వెట్టి గీడ పోస్తున్నరు. పన్నెండింటికి క్యాంపస్‌ల సదస్సు. కెమిస్ట్రీ ప్రొఫెసర్ డాక్టర్ ప్రిస్కిల్లా 'నీళ్ళు క్లీన్' అని సంతకం వెడ్తది. ఇరవై ఏండ్ల పర్మిషన్. అరవై కంటైనర్లు తయారున్నయ్."

"ఆవిడకి ఫోన్ చేద్దాం సార్."

"ఏం జెప్తవ్? ఆమె చేతిల మన ల్యాబు రిపోర్టే ఉన్నది. కొత్త శాంపిల్ వట్కరా."

"బెన్నీ ఏ దారిన వస్తాడో ఎవరెవరికి తెలుసు?"

నరహరి గొంతు తగ్గింది. "నాకు. నీకు. సౌమ్యకు."

సౌమ్య రెండేళ్ళుగా టెరావెల్లా పీఆర్ మేనేజర్ వేషంలో ఉన్న తమ ఏజెంటు. ఇప్పుడు వేషం ఎటువైపో తెలిసిపోయింది.

*

వాటర్ క్యాన్ల ట్రాలీ ఆటో గోల్నాకలో ఆగింది. నీలం యూనిఫాం, మెడలో తువ్వాలు. ఇమ్మానుయేల్‌ను ఎవరూ రెండోసారి చూడలేదు. ఓ ఖాళీ క్యాన్ అడుగు కోసి, అందులో పిస్తోలులాంటి ఎక్స్‌ఆర్‌ఎఫ్ స్కానర్ దాచాడు. గురిపెట్టిన చోట ఏ లోహం ఉందో లెక్కతో చెబుతుందది.

బోరు దగ్గర మోటారు లేదు. నాలుగు బోల్టులు మిగిలాయి.

"రాత్రి ఇప్పుకపోయిండ్రు, రిపేరంట," అంది లచ్చమ్మ. ఆ బోరు నీళ్ళు తాగే రెండొందల ఇళ్ళలో ఆమెది మొదటిది. లోపల మంచం మీద ఆమె కూతురు జ్యోతి. ముప్పై ఏళ్ళకే వారానికి రెండు డయాలసిస్‌లు. "ఒక్క బిందె గూడ లేదు బిడ్డా. పొద్దుగాల నుంచి దూప."

పది గంటలు. ఒక్క చుక్క లేదు. ఇమ్మానుయేల్ తల పట్టుకున్నాడు. తల ఎత్తేసరికి తీగ మీద ఆరేసిన గుడ్డ కనబడింది. పాత చీర ముక్క, మధ్యలో పసుప్పచ్చ మరక.

"అదేంటమ్మా?"

"నల్లా మూతికి కట్టిన గుడ్డ. చెత్త రాకుంట. మూడు నెలల సంది గదే. ఎంత ఉతికినా ఆ రంగు పోతలేదు ముండది."

స్కానర్ పెట్టాడు. కీచుమంది. క్రోమియం. సీసం. ఆంటిమొనీ. బోరును ఎండగట్టారు, సీసాలు మార్చారు, మనిషిని చంపారు. గుడ్డ సంగతి ఎవడికీ తట్టలేదు. ఫిల్టర్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకు నల్లాకు గుడ్డ కడతారని ఎలా తెలుస్తుంది?

"నాతో వస్తావా? సంతకం పడితే ఆ యార్డు ఇరవై ఏళ్ళు కదలదు."

లచ్చమ్మ కూతురి వైపు చూసింది. గుడ్డ లాగి భుజాన వేసుకుంది. "నడువ్."

*

పదకొండు యాభై. సెమినార్ హాలు. గేటు దగ్గర ప్రొఫెసర్లకు కూడా ఐడీ కార్డు తనిఖీ. నీళ్ళ క్యాను మోసేవాళ్ళను మాత్రం ఎవడూ ఆపలేదు. దొరలకు దాహం వేస్తుంది కదా!

పక్క గుమ్మం దగ్గర సౌమ్య నిలబడి ఉంది. పట్టుచీర, ముత్యాలు, కొంగు చాటున పిస్తోలు.

"ఇరానీ చాయ్ ఉందా?" అన్నాడు ఇమ్మానుయేల్. కోడ్ వర్డ్.

"బిస్కెట్లు అయిపోయాయి," అని నవ్వింది. "బెన్నీ కూడా. ఆ క్యాను దింపమను."

లచ్చమ్మ నెత్తి మీది క్యాను దింపింది. సౌమ్య అడుగు తట్టి, స్కానర్ లాగింది. "పాత ట్రిక్! శాంపిల్ ఏది?"

"నీళ్ళే లేవుగా," అన్నాడతను.

"ఏమే ముసలిదానా, నీకిక్కడేం పని? పో!"

"పోతున్నగని, గంత ఎగురకు," అంది లచ్చమ్మ. క్యాను కింద చుట్టగా మెలిపెట్టిన గుడ్డ ఆమె నెత్తి మీదే ఉంది. బయటికి కాదు, లోపలికి నడిచింది. సౌమ్య పట్టుకోబోతే ఇమ్మానుయేల్ ఆమె పిస్తోలు చేతిని గోడకేసి కొట్టాడు. తుపాకి జారింది. స్కానర్‌తోనే సౌమ్య లోపలికి ఉరికింది.

లోపల కెమెరాలు. వేదిక మీద టెరావెల్లా డైరెక్టర్ ఫ్రాంట్జ్. "మనమంతా ఒకే భూమి పౌరులం," అంటున్నాడు. ఆ భూమిలో వాడి చెత్తకు గోల్నాక దొరికింది. డాక్టర్ ప్రిస్కిల్లా పెన్ను సగం పేరు రాసేసింది.

పసుపు మరక గుడ్డ సర్టిఫికెట్ మీద పడింది.

"గిది మా నల్లాకు కట్టిన గుడ్డ మేడం. సంతకం జేసేముందు ఒక్కసారి సూడు."

ప్రిస్కిల్లా పెన్ను ఆగింది. నర్సాపురంలో వాళ్ళమ్మ కూడా కట్టేది ఇలాంటిదే. ఆ పసుపు ఏమిటో కెమిస్ట్రీ టీచర్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. "దీన్ని టెస్ట్ చేయాలి. ఇప్పుడే."

"యంత్రం సౌమ్యగారి చేతిలోనే ఉందండీ," అన్నాడు ఇమ్మానుయేల్.

కెమెరాలన్నీ సౌమ్య వైపు తిరిగాయి. ప్రిస్కిల్లా యంత్రం లాక్కుని గుడ్డ మీద పెట్టింది. స్కానర్ కీచుమంది. ప్రిస్కిల్లా అంకెలు చదివింది. సగం సంతకాన్ని నిలువునా చింపేసింది.

సౌమ్య హ్యాండ్‌బ్యాగులో బెన్నీ అసలు సీసాల పెంకులు దొరికాయి, లేబుళ్ళ మీద అతని చేతిరాతతో సహా. ఫ్రాంట్జ్ తనను తప్పిస్తే బెదిరించడానికి దాచుకుంది. ద్రోహికి ద్రోహి మీద కూడా నమ్మకం ఉండదు. పోలీసులు ఇద్దరినీ ఒకే జీపులో ఎక్కించారు.

లచ్చమ్మ చెయ్యి చాపింది. "నా గుడ్డ ఇయ్యుండ్రి. సాయంత్రం ట్యాంకర్ వస్తదట, పైపుకు కట్టాలె."

"అది సాక్ష్యం లచ్చమ్మా. సీలు వేశాం," అన్నాడు ఇమ్మానుయేల్.

ఆమె చుట్టూ చూసింది. వేదిక వెనక పొడుగాటి బ్యానరు. పర్యావరణ సదస్సు కదా, ఫ్లెక్స్ కాదు, అచ్చమైన ఖద్దరు. మీద 'గ్లోబల్ సిటిజన్' అని ఆకుపచ్చ అక్షరాలు. లచ్చమ్మ కొస పట్టి, వేళ్ళతో నలిపి చూసి, పర్రున చింపింది.

"మంచిగున్నది," అంది. "కనీసం చెత్తనన్న ఆపుతది."