ఒడ్డునే ఉండు

ఫల్గుణ చెప్పిన మాట వినడు. ఆ సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది రాజకుమారి. అనంతగిరి కాఫీ తోటలో కూలికి కలిసిన మొదటి రోజే, ఎర్రగా పండినవే కొయ్యమంటే పచ్చివి కూడా దూసి బుట్టలో వేశాడు. ఆమె తిట్టింది. అతను నవ్వాడు. కలిసి పనిచేసిన మూడేళ్ళూ ఆ తిట్లూ ఆగలేదు, ఆ నవ్వూ ఆగలేదు.

అలాంటివాడు విశాఖ హోటల్లో వంట నేర్చుకుని, విదేశీ రేవుల మధ్య తిరిగే విహార నౌకలో వంటవాడిగా చేరాడు. రాజకుమారికి సముద్రమంటే ప్రాణభయం. సెలవు దొరికినప్పుడల్లా ఓడ దిగి ఒడ్డునే ఉండాలని తన తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది.

2004 క్రిస్మస్ రోజు థాయిలాండ్‌లోని ఫుకెట్ రేవు నుంచి ఊళ్ళో పోలయ్య కొట్టుకు ఫోన్ చేశాడు.

"రేపు సెలవు. ఇసక మీదే ఉంటాను, సరేనా?"

రాజకుమారి మురిసిపోయింది.

మర్నాడు అదే కొట్టులో, టీవీలో సునామీ వార్తల్లో ఆ ఒడ్డును చూసింది. ఇసక కనపడలేదు, అంతా నీళ్ళే.

"నేనే దిగమన్నాను," అంది పోలయ్యతో.

ఆ వారమంతా కొట్టుకు అతని ఫోన్ రాలేదు. ఆమె రోజూ తోటకు వెళ్ళి ఖాళీ బుట్టతో తిరిగొచ్చేది. ఎవరు పలకరించినా ఆ ఒక్క మాటే అనేది.

పదో రోజు మధ్యాహ్నం ఫల్గుణ జీపు దిగి తోటలోకి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. ఆమె కాఫీ మొక్కల మధ్యే కూలబడింది.

"నీ మీద ఒట్టేసి తప్పాను. నేను దిగనేదు."

ఆ సెలవు మిగుల్చుకుంటే ఇంటికి ముందే రావచ్చని ఓడలోనే ఉండిపోయాడట. దిగేవాళ్ళను దింపి ఓడ నడిసముద్రంలోకి వెళ్ళిపోయిందట. అక్కడ ఎవరికీ ఏమీ తెలియలేదట. తరవాత ఎన్నిసార్లు చేసినా కొట్టుకు ఫోన్ కలవలేదట.

"టీ గ్లాసు కూడా తొణకనేదు. అల మా కిందనుంచే పోయిందంట. నేను గుడ్లు ఏపుతున్నాను, రాజీ. దిగినోళ్ళలో ఇద్దరు మళ్ళీ రానేదు."

ఎప్పుడూ నవ్వేవాడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రాజకుమారి పైట కొంగుతో అతని ముఖం తుడిచింది.

తుడుస్తూనే అడిగింది. "ముందే ఒచ్చి ఏటి సేద్దామని?"

"మీ అయ్యని అడుగుదామని."

ఆమెకు మళ్ళీ ఏడుపొచ్చింది.

"ఇంకెప్పుడూ నా మాట ఇనకు," అంది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ తనే అంది, "అయ్య కళ్ళంలో ఉన్నాడు. బేగి ఎళ్ళి అడుగు."

ఫల్గుణ ఆ మాట విన్నాడు.