టిల్ట్ టేబుల్ మీద మూడు నిమిషాలు

మనిషి నిలబడి ఉండగానే చనిపోయాడు. ఛాతీ మీద ఒకటి, మోకాళ్ళ మీద ఒకటి, రెండు వెడల్పాటి పట్టీలు అతన్ని పడిపోనివ్వలేదు.

మానిటర్ రికార్డు ప్రకారం గుండె ఆగిన టైమ్ పది ముప్ఫై మూడు. నిటారుగా లేపి ఉన్న బల్ల దించారు. ఛాతీ నొక్కారు. కరెంటు షాక్ ఇచ్చారు. పదకొండూ ఇరవైకి డాక్టరు చేతులు కడుక్కున్నాడు.

అది సోమవారం.

గురువారం మధ్యాహ్నం మూడింటికి ఇన్‌స్పెక్టర్ మళ్ళీ అదే గదికి వచ్చాడు. స్టేషన్లో అతన్ని చాటుగా నత్త అంటారు. ఆ సంగతి అతనికీ తెలుసు. నత్త గోడలు కూడా ఎక్కుతుంది కదా అని ఊరుకుంటాడు.

ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు. ఒకప్పుడు శవాన్ని చూసిన రోజున ముద్ద దిగేది కాదు. ఇప్పుడు హాయిగా దిగుతోంది. అదే అతనికి నచ్చడం లేదు.

ఐదింటిలోగా నర్సుని అరెస్టు చేయాలో వద్దో తేల్చమని పైఆఫీసరు ఆర్డరు. టెస్టులో మందు డోసు ఎక్కువ ఇచ్చి చంపిందని ఆస్పత్రి ఫిర్యాదు. ఆమెని అప్పుడే సస్పెండ్ చేశారు.

చనిపోయింది ఒక బస్సు డ్రైవరు. నలభై ఆరేళ్ళు. రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయాడు. రెండుసార్లూ బస్సు దిగాకే, అంతవరకూ నయం. కారణం తేల్చుకుని సర్టిఫికెట్ తెస్తే గానీ స్టీరింగు ఇవ్వం పొమ్మన్నారు డిపోవాళ్ళు. అందుకే ఈ టెస్టుకి వచ్చాడు.

గదిలో నలుగురున్నారు. డాక్టరు వాచీ చూసుకుంటున్నాడు. టెక్నీషియన్ గోడకి అతుక్కుపోయాడు. నర్సు నేల చూపులు చూస్తోంది. డ్రైవరు భార్య స్టూలు మీద కూర్చుని ఖాళీ బల్లకేసి చూస్తోంది. పెళ్ళై ఐదు నెలలు, ఇద్దరికీ రెండో పెళ్ళి. నాలుగు రోజులుగా ఆమె కంట్లో చుక్క నీరు లేదు. ఎవరేమడిగితే అంతవరకే జవాబు చెబుతోంది.

"డాక్టర్‌గారూ, నాలాంటి మొద్దుకి అర్థమయ్యేలా ఇంకోసారి చెప్పండి. ఏం చేస్తారిక్కడ?"

"మనిషిని బల్లకి కట్టి డెబ్బై డిగ్రీలు లేపుతాం. ఇరవై నిమిషాలు చూస్తాం. పడిపోకపోతే నాలుక కింద నైట్రోగ్లిజరిన్ స్ప్రే కొడతాం. రక్తనాళాలు వదులవుతాయి. పడిపోయే జబ్బుంటే అప్పుడు బయటపడుతుంది. వెంటనే బల్ల దించేస్తాం. నిమిషంలో తేరుకుంటారు."

"ఇతను తేరుకోలేదు."

"డోసు ఎక్కువైతే అంతే."

"తమ్ముడూ, బల్ల లేపింది ఎన్నింటికి?"

"పది పదికి సార్," అన్నాడు టెక్నీషియన్.

"స్ప్రే?"

"పది ముప్ఫైకి. అప్పటిదాకా బీపీ బంగారంలా ఉంది సార్. మూడు నిమిషాల్లో సున్నా."

"ఎన్నిసార్లు కొట్టింది?"

"నేను స్క్రీన్ చూస్తున్నాను సార్."

"సిస్టర్?"

"ఒక్కసారే," అంది నర్సు. "సోమవారం నుంచీ అదే చెబుతున్నాను. ఎవరూ వినడం లేదు."

"నేను విన్నాను. ఆ రోజే తెరిచిన స్ప్రే బాటిల్‌ని ల్యాబ్‌లో తూకం వేశారు. తగ్గింది ఒక్క డోసే."

నర్సు కళ్ళు మూసుకుంది. డాక్టరు వాచీ చూడటం మానేశాడు.

ఇన్‌స్పెక్టర్ ఫైల్లోంచి ఒక కాగితం తీశాడు. టెస్టుకి ముందు నింపే ఫారం. "'ప్రస్తుతం వాడుతున్న మందులు' అని కాలమ్ ఉంది. పక్కన సిస్టర్ చేతిరాత. కింద మీ సంతకం. చదివారా డాక్టర్‌గారూ?"

"చదివాను. మందులేం వాడటం లేదు."

"అలా లేదే. 'జన్మలో ముట్టలేదు' అని ఉంది."

"రెండూ ఒకటేగా!"

"సిస్టర్, ఇది మీ మాటా, ఆయన మాటా?"

"ఆయన మాటే సార్. పేషెంటు ఎలా చెబితే అలాగే రాయమని మాకు నేర్పారు."

"మీరేమని అడిగారు?"

"మందేమైనా తీసుకుంటారా అని."

ఇన్‌స్పెక్టర్ టెక్నీషియన్ వైపు తిరిగాడు. "తమ్ముడూ, జ్వరమొస్తే మందు ముట్టుకుంటావా?"

"వేసుకుంటాను సార్. ముట్టుకోవడమేంటి?"

"మరి జన్మలో ముట్టలేదని ఏ మందు గురించి అంటారు?"

టెక్నీషియన్ నోరు తెరిచి, డ్రైవరు భార్యని చూసి, గొంతు తగ్గించాడు. "తాగే మందు సార్."



"పొద్దున డిపోకి ఫోన్ చేశాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "డ్యూటీ ఎక్కేముందు ప్రతి డ్రైవరునీ గొట్టంలో ఊదమంటారు. 'మందు తీసుకున్నావా?' అని కంట్రోలర్ అడుగుతాడు. ఈయనది రోజూ ఒకటే జవాబు. 'జన్మలో ముట్టలేదు సార్.' పన్నెండేళ్ళుగా అదే పాట. సోమవారం ఇక్కడా అదే ప్రశ్న వినిపించింది. అదే జవాబు చెప్పాడు. అబద్ధమాడలేదు. సిస్టరూ తప్పు రాయలేదు. అసలు ప్రశ్న మాత్రం అతన్ని ఎవరూ అడగలేదు."

నర్సు గోడకి చేయి ఆనించింది.

"డాక్టర్‌గారూ, ఒక్క డోసుకే మనిషి ఇలా కుప్పకూలాలంటే ముందురోజు ఏం వేసుకుని ఉండాలి?"

డాక్టరు పెదాలు తడుపుకున్నాడు. "మగవాళ్ళు... చాటుగా వేసుకునే మాత్ర ఒకటుంది. దాని మీద ఈ స్ప్రే పడితే బీపీని ఆపడం ఎవరి తరమూ కాదు."

ఇన్‌స్పెక్టర్ స్టూలు దగ్గరికి వెళ్ళాడు. వంగి, మెల్లగా అడిగాడు.

"అమ్మా, మీ ఆయన మాత్రలేవైనా వేసుకునేవారా?"

"వేసుకునేవారు," అంది ఆమె.

"ఏ మాత్రలు?"

"పేరు తెలియదు. నీలం రంగువి. షేవింగ్ డబ్బాలో అడుగున దాచుకునేవారు. ఆదివారం రాత్రి ఒకటి వేసుకున్నారు. చూశానని ఆయనకి తెలియదు. సిగ్గుపడతారని నేను అడగలేదు."

"మొన్న నేను అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆమె మొదటిసారి అతని మొహంలోకి చూసింది. "మీరు మందు అలవాటుందా అన్నారు. లేదన్నాను. ఆయన తాగరు."

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్ తిరగేశాడు. మంగళవారం పేజీ. తన చేతిరాతే. 'మందు అలవాటు: లేదు, భార్య చెప్పింది.' సిగ్గేసింది. చాలాకాలం తర్వాత ఏదో ఒకటి అనిపించింది, అదీ ఇలాంటిది.

"సిస్టర్‌ని అరెస్టు చేయడం లేదు," అన్నాడు నడుం నిటారు చేసి. "రిపోర్టులో జరిగింది జరిగినట్టు రాస్తాను. డాక్టర్‌గారూ, చదవకుండా పెట్టిన సంతకం సంగతి మెడికల్ బోర్డు చూసుకుంటుంది."

టెక్నీషియన్ ఊపిరి వదిలాడు. నర్సు మాత్రం కదల్లేదు. బతికిపోయానన్న సంబరం ఆమె మొహంలో ఎక్కడా లేదు.

"మాత్రలని అడిగుంటే చెప్పేవారా సార్?" అంది.

"తెలియదు సిస్టర్. చెప్పేవాడేమో."

డ్రైవరు భార్య స్టూలు మీంచి లేచింది. బల్ల దాకా వెళ్ళి, వేలాడుతున్న పట్టీని బల్ల మీదకి సర్దింది. తర్వాత నర్సు వైపు తిరిగింది.

"సిస్టర్, ఇవి కట్టేటప్పుడు ఆయనేమన్నా అన్నారా?"

నర్సు ఆ పట్టీకేసి చూసింది.

"భయంగా ఉందన్నారమ్మా. మా ఆవిడని లోపలికి పిలుస్తారా అన్నారు."

"మీరేమన్నారు?"

"రానివ్వం అన్నాను. నలభై నిమిషాలేగా, ఓర్చుకోండి అన్నాను."

ఆమె తలూపింది. కోపం లేదు. ఏడుపూ లేదు.

"తలుపు బయట బెంచీ మీదే కూర్చున్నాను," అంది. "పిలిస్తే వచ్చేదాన్ని."