కాటుక పెట్టిన గోడ

మా కాలనీకీ బందరు కాలువకీ మధ్య పొడుగాటి గోడ ఒకటుంది. కాలువ వైపు దానిమీద ఒకప్పుడు కోచింగ్ సెంటర్ల ప్రకటనలు, మొలల వైద్యం పోస్టర్లు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. రెండేళ్ళ కిందట కార్పొరేషన్ వాళ్ళు ఒక మంచి పని మొదలుపెట్టారు. రంగులూ, బ్రష్షులూ, నిచ్చెనలూ వాళ్ళిస్తారు. ఏ బొమ్మ వెయ్యాలో కాలనీవాళ్ళు కూర్చుని తేల్చుకోవాలి, వెయ్యడం కూడా వాళ్ళే. రెండేళ్ళయ్యాక సున్నం కొట్టి, అదే గోడని కొత్తవాళ్ళకి ఇస్తారు. ఊరు మనదనిపించాలంటే గోడమీద మన చెయ్యి పడాలి కదా.

మీటింగు మా వాకిట్లోనే జరిగింది.

"దేవుళ్ళ బొమ్మలేద్దామండీ. ఒక్కడు కూడా గోడ తడపడు," అన్నారు బసవపున్నయ్య గారు.

"మీ బొమ్మ వేసినా తడపరండీ, భయపడతారు," అంది సింధూరి. అందరూ నవ్వారు, ఆయనతో సహా.

సింధూరి నా కూతురి కూతురు. నా దగ్గరుండి ఫైన్ ఆర్ట్స్ చదివేది. చివరికి కాలువ గట్టున బతికేవాళ్ళనే వెయ్యాలని తేలింది. పడవలు, చేపల బుట్టలు, ఒక పక్కన కార్తీక దీపం వదులుతున్న అమ్మాయి.

అప్పుడు మణెమ్మ లేచింది. గట్టుమీద చేపలమ్ముకునే మనిషి. అంతకుముందు వానాకాలంలో ఆమె కూతురు నాగలక్ష్మి, చేపల బుట్ట కడుగుతూ జారి ఆ కాలువలోనే పోయింది.

"టీచరమ్మగారూ, ఆ దీపం పిల్లకి మా నాగలచ్చిమి మొహం పెట్టిస్తారా అండీ?"

"ఫొటో ఉందా మణెమ్మా?"

"ఫొటోలన్నీ దాని ఫోనులోనేనండీ. ఫోనూ దాంతోనే పోయింది. ఆధార్ కార్డులో బొమ్మ చూస్తే కన్నదాన్ని, నాకే ఆనవాలు తెలీదు." సింధూరి వైపు చూసింది. "అచ్చం మీ పాపలాగే ఉండేదండీ."

"అయితే ఎంతసేపు ఆంటీ! అద్దంలో చూసుకుని వేసేస్తా," అంది సింధూరి.

అలాగే వేసింది. కళ్ళు మాత్రం వెయ్యలేదు. ఎందుకో చెబుతాను. మట్టి వినాయకుడైనా, తోలుబొమ్మైనా, చేసేవాళ్ళు కళ్ళు చివరికి దిద్దుతారు. మిగతాదంతా అయ్యాక, స్నానం చేసి, దణ్ణం పెట్టుకుని కళ్ళు తెరిపిస్తారు. అందాకా అది ఒట్టి బొమ్మే. సింధూరి కూడా కళ్ళ చోటు తెల్లగా వదిలేసి, మర్నాడు పొద్దున్నే, పెద్దలు వచ్చి రిబ్బను కత్తిరించేలోపు దిద్దుదామనుకుంది.

ఆ సాయంత్రం తలనొప్పిగా ఉందని ఇంటికొచ్చి పడుకుంది. "అద్దం గోడ దగ్గరే మర్చిపోయాను అమ్మమ్మా. ఎవరైనా తొక్కుతారేమో," అంది. నేను టార్చి తీసుకుని బయల్దేరాను.

కార్తీకమాసం. దీపాల వేళకే చీకటి దిగిపోయింది. దానికి తోడు సందు మలుపు తిరుగుతుండగా కరెంటు పోయింది. ఆరని రంగు వాసన, కాలువ బురద వాసన, వాటితో కలిసి అగరొత్తుల వాసన వచ్చింది. ఎక్కడో కింద రేవు మెట్లకి నీళ్ళు తగులుతున్న చప్పుడు. తగిలి, ఆగి... మళ్ళీ తగిలి.

గోడ దగ్గర ఎర్రటి నిప్పు చుక్క కనిపించింది. అగరొత్తి ముందు మణెమ్మ కూర్చుని ఉంది. బొమ్మ నుదుట తడి కుంకుమ బొట్టు. రెండు వైపులా మేకులు కొట్టి, మెడలో చామంతుల దండ.

గబగబా దగ్గరికి వెళ్ళాను. పటానికి బొట్టు పెట్టి దండ వేసేది పోయినవాళ్ళకి. బతికున్న మనిషి ఫొటోకి మనం దండ వెయ్యం. ఆ ముఖం నా మనవరాలిది.

"ఎంత పని చేశావు మణెమ్మా! అది మా పిల్ల మొహం."

"మా పిల్లదండీ," అంది నెమ్మదిగా.

టార్చి పైకెత్తాను.

తెల్లగా ఉండాల్సిన చోట కళ్ళున్నాయి. తడిగా, నల్లగా...

"కళ్ళెవరు దిద్దారు?" అన్నాను.

"నేను కాటుక పెట్టానంతేనండీ. కళ్ళు అప్పటికే ఉన్నాయి."

రెండో చేతిలో ఫోను మోగింది. సింధూరి.

"అమ్మమ్మా, ఆ లైటు దించు. కళ్ళలో కొడుతోంది."

"ఎక్కడున్నావే?"

"మంచం మీదే. తెరిస్తే అంతా చీకటి... మూస్తే నువ్వు కనిపిస్తున్నావు. పక్కన మణెమ్మ ఆంటీ. వెనకాల కాలువ..." ఊపిరి బిగబట్టినట్టయింది. "అమ్మమ్మా... నీ వెనక మెట్లెక్కుతున్నది ఎవరు?"

నేను తిరగలేదు. మణెమ్మ నా భుజం మీదుగా చూసింది. ఆమె ముఖం విచ్చుకుంది. నా వెనక రాతిమీద నీటి బొట్లు పడుతున్నాయి. ఒకటి... ఇంకొకటి... ఇంకాస్త దగ్గరగా...

దండ తెంపేశాను. కొంగుతో బొట్టు తుడిచేశాను. కళ్ళు ఎంత రుద్దినా పోలేదు. అప్పుడే వీధి దీపాలు వెలిగాయి. చప్పుడు ఆగిపోయింది.

మర్నాడు రిబ్బను కత్తిరించడానికి వచ్చిన పెద్దాయన ఆ కళ్ళ ముందే చాలాసేపు నిలబడ్డారు. "ప్రాణం పోశావమ్మా," అని సింధూరిని మెచ్చుకున్నారు. సింధూరి నవ్వలేదు. చూపు తెల్లవారేసరికి తిరిగొచ్చింది. కానీ అప్పటినుంచీ కళ్ళు మూసుకుంటే చాలు, గోడమీద నుంచి కనిపించే కాలువే దానికి కనిపిస్తుంది. రెండేళ్ళు నా బిడ్డ సరిగ్గా నిద్రపోలేదు. డాక్టర్లు మందులు మార్చారు. నేను సున్నం రోజు కోసం ఎదురుచూశాను, అదే రోజుకి భయపడ్డాను. ఆ కళ్ళు మూసుకుపోతే పిల్లకి విముక్తా... చూపే పోతుందా?

ఇవాళ పొద్దున సున్నం బకెట్లు వచ్చాయి. ఎండ చక్కగా కాస్తోంది. సింధూరి గన్నవరంలో ఆఫీసులో ఉంది. నేను గోడకి ఎదురుగా, కాలువ నా వెనకుండగా, ఫోను చెవికి పెట్టుకుని నిలబడ్డాను. బ్రష్షు నుదుటి మీదుగా దిగి కళ్ళని కప్పేసింది. రెండో పూత కూడా వేశారు. తెల్లటి గోడ.

"బాగానే కనిపిస్తోందా తల్లీ?"

"కనిపిస్తోంది అమ్మమ్మా. ఇదిగో, కంప్యూటరు, టీ కప్పు... అన్నీ!" ఏడుస్తూ నవ్వుతోంది.

"ఒక్కసారి కళ్ళు మూసుకో."

అవతల టీ కప్పు కింద పెట్టిన చప్పుడు.

"నువ్వే కనిపిస్తున్నావు."

"గోడమీద నుంచేనా?"

"కాదు అమ్మమ్మా..." అంది. "నీ వీపు కనిపిస్తోంది."