కిస్లేవ్ పద్నాలుగు, ఒక్క స్టార్

అష్దోద్ ఓడరేవు దగ్గర ఒక కస్టమ్స్ అధికారి మంగళవారం ఉదయం పది గంటలకు కారు దిగాడు. కాలు నేలకు ఆనిందో లేదో, పక్కనుంచి దూసుకెళ్లిన మోటారు సైకిలు మీంచి రెండు తూటాలు వచ్చాయి. అతను మళ్లీ లేవలేదు.

రెండు వారాల తర్వాత, బుధవారం మధ్యాహ్నం, జెరూసలేంలో బోర్డు లేని ఒక ఆఫీసులో చీఫ్ త్సిపోరా ఏజెంట్ ఎల్కానా ముందుకు ఒక కాగితం విసిరింది.

"చదువు."

బ్రౌజర్‌లో పెట్టుకునే హీబ్రూ క్యాలెండర్ యాడాన్‌కు ఎవరో రాసిన రివ్యూ అది. ఒక్క స్టార్. 'హెష్వాన్ ఇరవై ఏడు తప్పు చూపిస్తోంది. దరిద్రపు యాడాన్. తీసి పారేశాను.' రాసినవాడి పేరు యెరుషల్మి77.

"హత్య జరిగింది హెష్వాన్ నెల ఇరవై ఏడునే," అంది త్సిపోరా. "ఈ రివ్యూ అంతకు మూడు రోజుల ముందుది. యాడాన్‌లో ఆ తేదీ తప్పేం లేదు. నేనే చూశాను."

"అంటే ఆ అధికారిని చంపించిన విదేశీ ముఠా తన మనుషులకు ఆర్డర్లు రివ్యూల్లో పంపుతోందా?"

"ఆ పేజీ నిండా తిట్లే. తిట్లలో ఎవడు వెతుకుతాడు? ఇదిగో, నిన్న వచ్చింది."

'కిస్లేవ్ పద్నాలుగు తప్పు. సిగ్గులేని యాడాన్.' హెష్వాన్ తర్వాతి నెల కిస్లేవ్. అదే పేరు. అదే ఒక్క స్టార్.

ఈసారి ఎవరి వంతో ఇద్దరికీ తెలుసు. నహూమ్ అబెకాసిస్, రేవులో క్రేన్ డ్రైవరు. మోటారు సైకిలు వాడి ముఖం చూసినవాడు అతనొక్కడే. ఆదివారం కోర్టులో సాక్ష్యం చెప్పాలి.

"ఇవాళ పొద్దు గూకగానే కిస్లేవ్ పద్నాలుగు మొదలు. రేపు పొద్దు గూకేదాకా కాపలా. నహూమ్ పోయాడంటే, నువ్వు కూడా ఇంటికి పోవచ్చు. పోయిన కేసు నిర్వాకం నేనింకా మర్చిపోలేదు."

"నేనూ మర్చిపోలేదు మేడమ్. మీరు మర్చిపోనిస్తేగా."

తలుపు దగ్గర ఎవరో నవ్వారు. లిలాఖ్. మృత సముద్రం క్రీముల ప్రకటనల్లో కనిపించే ముఖం. నాలుగేళ్ల కిందట విదేశం నుంచి వచ్చి స్థిరపడింది. ముఠాలో చేరినట్టు నటిస్తూ ఆఫీసుకు సమాచారం తెచ్చే డబుల్ ఏజెంట్.

"నహూమ్‌కి తిండి నేను తీసుకెళ్తా," అంది. "మీవాళ్లు వండేది తింటే సాక్ష్యం దాకా బతకడు."

జెరూసలేంలోనే, నఖ్లవోత్ పేట సందుల్లో ఒక చిన్న ఫ్లాటులో నహూమ్‌ని దాచారు. ఫోను తీసేసుకున్నారు. ఎల్కానా కూరగాయల వాడి వేషంలో, ఉల్లిపాయల బండితో గుమ్మం ఎదురుగా నిలబడ్డాడు. చెవిలో కనిపించని రేడియో. ఇంటి మీద ఇద్దరు, మెట్ల దగ్గర ఇద్దరు. ఆ రాత్రి ఏమీ జరగలేదు. గురువారం పగలూ ఏమీ జరగలేదు, ఉల్లిపాయలు మెత్తబడ్డాయని ముగ్గురు ఆడవాళ్లు అతన్ని దులిపేయడం తప్ప.

సాయంత్రం నాలుగూ ముప్ఫై అయిదుకు సూర్యుడు గూకాడు. ఎల్కానా రేడియోలో కోడ్ మాట చెప్పాడు.

"ఉల్లిపాయలు అయిపోయాయి."

"సరే, మీ నలుగురూ ఇంకో పనికి హైఫా వెళ్లే వ్యాన్ ఎక్కండి," అంది త్సిపోరా. "ఎల్కానా, నువ్వు ఆ యాడాన్ చేసినవాడి దగ్గరికెళ్లి యెరుషల్మి77 వివరాలు పట్టుకురా. నహూమ్ దగ్గర లిలాఖ్ ఉంటుంది."

ఎవరికీ అనుమానం రాలేదు. పుట్టినప్పటినుంచీ వాళ్లకు పొద్దు గూకితే ఆ తేదీ అయిపోయినట్టే. పద్నాలుగు అయిపోయింది, గండం గడిచింది.

యాడాన్ చేసిన గెర్షోన్ మహనె యెహుదా మార్కెట్ వెనక గడియారాలు బాగుచేస్తాడు. డెబ్బై దాటిన మనిషి. కంటికి భూతద్దం తీయకుండానే కసిరాడు.

"ఉల్లిపాయలు వద్దు. పో."

"గెర్షోన్ గారూ, మీ యాడాన్ గురించి."

"నువ్వూ తిట్టడానికే వచ్చావా? కానియ్. శుక్రవారం దీపాలు వెలిగించే టైము రెండు నిమిషాలు తేడా అని ఒకడు. అధిక మాసం వచ్చిన ఏడు మా నాన్న తద్దినం తప్పు అదార్ నెలలో చూపించావని ఇంకొకడు. డబ్బు తీసుకోకుండా చేసినందుకు నాకు దక్కే మర్యాద ఇది."

"యెరుషల్మి77 తెలుసా?"

ముసలాయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. ముఖం ఎర్రబడింది.

"వాడా? మిగతావాళ్లు నా తప్పుకు తిట్టారు. వాడు నా ఒప్పుకు తిట్టాడయ్యా. సాయంత్రం అయిదింటికే తేదీ మారిపోతోందట. అర్ధరాత్రి పన్నెండు దాకా ఆగలేవా గాడిదా అని నాకు విడిగా మెయిల్ పెట్టాడు. పేరు చూస్తే జెరూసలేం వాడు. ఈ ఊళ్లో చంటిపిల్ల కూడా అలా అడగదు."

ఎల్కానా గోడ మీది గడియారం చూశాడు. వాడు ఈ ఊరివాడు కాదు. ఎక్కడో కూర్చుని ఈ తేదీలు వాడుతున్న విదేశీ బాసు. వాడి లెక్కలో పద్నాలుగు ఇంకా అయిపోలేదు. అర్ధరాత్రి దాకా ఉంది.

రేడియోలో పిలిచాడు. కాపలా వ్యాన్ అప్పటికే ఊరు దాటింది. లిలాఖ్‌కి ఫోన్ చేశాడు. రెండు రింగుల తర్వాత కట్ చేసింది. మళ్లీ చేస్తే స్విచ్ ఆఫ్.

కాపలా ఉన్నవాళ్లెవరైనా ఫోన్ ఆపుతారా?

పరుగెత్తాడు. శనివారపు విశ్రాంతి రోజు, షబ్బాత్ సరుకుల కోసం గురువారం సాయంత్రం ఊరంతా మార్కెట్లోనే ఉంది. చేపల దుకాణం దగ్గర ఒకావిడ చక్రాల సంచీ అడ్డం పెట్టింది.

"లైనులో రావయ్యా. మేం మనుషుల్లా కనబడ్డంలేదా?"

"ప్రాణం పోతోందమ్మా."

"మాకూ పోతోంది, గంటనుంచి."

సంచీ మీంచి దూకాడు. వెనకనుంచి తిట్లు వినిపిస్తూనే ఉన్నాయి. నఖ్లవోత్ సందు, మెట్లు, ఫ్లాటు తలుపు. భుజంతో గుద్దాడు. రెండో దెబ్బకు గడియ ఊడింది.

టేబుల్ ముందు నహూమ్. ఎదురుగా పొగలు కక్కుతున్న హమీన్ గిన్నె, గురువారం సాయంత్రం ఈ ఊరివాళ్లు ఎగబడి తినే మాంసం, బీన్సు కూర. చెంచా పెదవుల దాకా వచ్చింది.

"తినకు. అందులో విషం ఉంది."

చెంచా ఆగింది. లిలాఖ్ తొందరపడలేదు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసి మూత తిప్పింది. చివర రంగు లేదు, సన్నటి గొట్టం ఉంది. అది ఎల్కానా గుండె వైపు తిరిగింది.

"మీవాళ్లే కాపలా తీసేసి పోయారు," అంది. "నన్నంటావేం?"

ఆమె నహూమ్‌ని లెక్కలో పెట్టుకోలేదు. నూట పది కిలోల క్రేన్ డ్రైవరు గిన్నె ఎత్తి, మరిగే కూరంతా ఆమె చేతిమీద కుమ్మరించాడు. తూటా పైకప్పులో దిగింది. మరుక్షణంలో ఆమె మణికట్లకు సంకెళ్లు పడ్డాయి.

నహూమ్ ఖాళీ గిన్నెలోకి చూశాడు.

"పొద్దుట్నుంచి పస్తులున్నా, తమ్ముడూ. రెండు ముద్దలయ్యాక రాకూడదూ?"

"రెండు ముద్దలయ్యాక వస్తే ఆదివారం కోర్టులో నీ ఫోటోనే మాట్లాడాలి."

ఆదివారం నహూమ్ సాక్ష్యం చెప్పాడు. మోటారు సైకిలు వాడికి జైలు ఖాయమైంది. కానీ విదేశీ బాసు దొరకలేదు. వాడింకా ఆ పేజీలోనే రాసేలా చూడాలి. అందుకని త్సిపోరా స్వయంగా గెర్షోన్ దుకాణానికి వెళ్లింది.

"దేశం కోసం ఒక్క మార్పు చేయండి. వాడు అడిగినట్టే తేదీ అర్ధరాత్రి మారాలి. లేకపోతే విసిగిపోయి వాడు వేరే దారి వెతుక్కుంటాడు."

గెర్షోన్ ఆమెను కిందినుంచి పైదాకా చూశాడు.

"అమ్మాయ్, మన జాతిలో ప్రార్థన చేసి సూర్యుణ్ణి ఆపినవాడు ఒక్కడే, గ్రంథంలోని ఆ సేనాని. ఆయన పోయి మూడు వేల ఏళ్లయింది. నేను గడియారాలు బాగుచేసేవాణ్ణి."