రెండు స్నాప్‌షాట్ల నడుమ

"నీ భార్య విదేశీ ముఠాతో కలిసిపోయింది గోపీ," అంది ఇంటెలిజెన్స్ చీఫ్ ఫర్జానా. "ప్యాకేజీని ఆపు. ఆమె అడ్డొస్తే కాల్చు."

భార్య రోహిణిని గూఢచారిగా ఆ ముఠాలోకి పంపింది గోపీనాథే. మొగుడూ పెళ్ళాం తెగతెంపులు చేసుకున్నారని బెల్లంకొండ ఊరంతా నమ్మేలా నాటకమాడి మరీ పంపాడు. కొంతకాలంగా ఆమె నుంచి కబురు లేదు.

ఫర్జానా ల్యాప్‌టాప్ ఇటు తిప్పింది. "కరెంటు సబ్‌స్టేషన్ల కంట్రోల్ సాఫ్ట్‌వేర్. కంప్యూటర్లలో ఇన్‌స్టాల్ చెయ్యరు. బుడగలో పెట్టినట్టు ప్యాక్ చేసి సర్వర్ నుంచి వదులుతారు. ఆ బుడగలోనే నడుస్తుంది. వెనక్కి లాగితే ఆనవాలుండదు. రోహిణి కట్టిన కొత్త ప్యాకేజీ అన్ని సబ్‌స్టేషన్లకీ వెళ్ళిపోయింది, అందులో వైరస్ ఉంది. ఈ మధ్యాహ్నం పల్నాడంతా కరెంటు పోతుంది. ఆస్పత్రులతో సహా."

"అడ్రస్?"

"ఆమె పొరపాటే పట్టించింది. ప్యాకేజీలోకి తెలుగు కీబోర్డు కూడా వచ్చేసింది, అందులో టైప్ చేసిన మెసేజ్‌తో. నరసరావుపేట, మిరప కమీషన్ కొట్టు మేడ, కూలర్ రిపేరుకి రమ్మని."

గోపీ ఆ మెసేజ్‌ని మళ్ళీ చదివాడు. ప్యాకేజీ కట్టేవాళ్ళు ఖాళీ మెషీన్‌లో ఉన్నదంతా నమోదు చేస్తూ ఒక స్నాప్‌షాట్ తీస్తారు, సాఫ్ట్‌వేర్ ఎక్కించాక ఇంకొకటి. ఆ రెంటికీ తేడాయే ప్యాకేజీ. నడుమ ఏం ముట్టుకున్నా అదీ లోపలికి పోతుంది. ఒకసారి తను మౌస్ కదిపితే "చెయ్యి ఇరగ్గొడతా" అన్న మనిషి, ఆ నడుమ కూర్చుని మెసేజ్ కొడుతుందా?

అది పొరపాటు కాదు. పిలుపు.

మేడ మెట్ల మీద మిరపఘాటు. తలుపు దగ్గర ముఠా మనిషి ఆనందరావు.

"ఎవడివిరా?"

"కూలర్ మెకానిక్‌ని సార్. గురజాల బస్సు లేటయింది."

"కూలర్ బానే ఉంది, పో."

ఆనందరావు చెయ్యి జేబులోకి పోయేలోపే గోపీ స్క్రూడ్రైవర్ పిడిలోని మత్తుసూది అతని మెడలో దిగింది.

లోపల రోహిణి కుర్చీలో ఒరిగి ఉంది. ఖరీదైన నల్లచీర, లిప్‌స్టిక్. ముందు ల్యాప్‌టాప్, సగం తాగిన టీ.

"ఇప్పుడా వచ్చేది?"

"ప్యాకేజీ మా చేతికొచ్చిందే ఇయ్యాల."

"ఆ మెసేజ్ ఆనందరావుకి ముందే దొరికింది. తెలుగు చదవొచ్చుగా ఎదవకి. టీలో విషం కలిపాడు."

గోపీ ఆమెను చేతుల్లోకి ఎత్తుకున్నాడు. "పా, ఆస్పత్రికి."

"దించు."

"ఏమే..."

"దించయ్యా. ప్యాకేజీని వెనక్కి లాగడం మొదలుపెట్టా. ఒక్కో సబ్‌స్టేషన్‌కీ ఒక్కో పాస్‌వర్డ్ అడుగుద్ది. టైమర్ సున్నాకొచ్చేలోపు కొట్టకపోతే మళ్ళీ మొదటికొస్తది. నా యేళ్ళు తిరగటంలా. నేను చెబుతా, నువ్వు కొట్టు."

ఆంబులెన్స్‌కి ఫోన్ చేశాడు. కింద వీధి నిండా మిరప బస్తాల టిక్కీలతో లారీలు అడ్డం. ఆమె తల తన భుజానికి ఆనించుకుని కూర్చున్నాడు. ఆమె చెబుతోంది, అతను కొడుతున్నాడు. గురజాల నుంచి ప్యాకేజీ పోయింది. మాచర్ల నుంచీ పోయింది. ఒక్కో పేరూ తెర మీద ఆరిపోతున్నకొద్దీ ఆమె గొంతు సన్నబడుతోంది.

"మా వాళ్ళకి చెప్పు," అంది మధ్యలో. "నిన్ను నేను వదిలెయ్యలేదని."

"చెబుతాలే."

ఆ నాటకమంతా సీలు వేసిన ఫైలు. చెప్పడానికి వీల్లేదని ఇద్దరికీ తెలుసు.

చివరిది ఎడ్లపాడు. గొంతు రాలేదు. పెదవులు కదిలాయి. ఆ కదలిక చూసి ఒక్కో అక్షరమే కొట్టాడు. టైమర్ సున్నాకి దిగే క్షణాన తెర ఖాళీ అయింది. భుజం మీద బరువు పెరిగింది.

స్ట్రెచర్ వచ్చేసరికి ఫర్జానా ఫోన్. "శభాష్ గోపీ. ఆమెను అరెస్ట్ చేశావా?"

"అవసరం లేదు మేడమ్," అన్నాడు.

కింద కొట్లో హమాలీ ఒకడు తిరుగుతున్న ఫ్యాను వంక అనుమానంగా చూస్తున్నాడు.

"ఏంది బాబాయ్, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం. ఇంకా కరెంటు తియ్యలా?"

"మర్చిపోయుంటార్లేరా. గుర్తు చెయ్యమాక."